కొసరు సూచీ

రాష్ట్రం ఎలా ఉందో ప్రభుత్వానికి తెలియడానికి అప్పట్లో సగటున పద్దెనిమిది నెలలు పట్టేది. అంటే ఒక వేసవిలో జనం మామిడిపళ్లు తినగలిగారా లేదా అన్న సంగతి, మరుసటి ఏడాది చలికాలంలో, రెండు అట్టల మధ్య కుట్టించిన నివేదికగా మంత్రిగారి బల్ల మీదికి వచ్చేది. ఆయన అది చదివి, పాపం తినలేకపోయారని నొచ్చుకుని, రేగిపళ్ల కాలంలో మామిడిపళ్లకు ప్రోత్సాహకాలు ప్రకటించేవారు.

ఈ ఆలస్యాన్ని పోగొట్టడానికే 'తక్షణ ఆర్థిక సమాచార విభాగం' పుట్టింది. సముద్రం కనిపించే మేడ ఒకటి దానికి ఇచ్చారు. 'తక్షణ' అన్న మాటను బోర్డు మీద రాయించడానికే ఏడు నెలలు పట్టిందని గిట్టనివాళ్లు అంటారు కానీ అది అబద్ధం. ఆరు నెలలే పట్టింది.

ఆ విభాగంలో మృణాళిని సహాయ గణాంక అధికారి. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ. పెళ్లయి నలభై ఒక్క రోజులు. ఈ రెండో లెక్క కోసం ఆమెకు క్యాలెండరు కూడా అక్కర్లేదు, పొద్దున్న లేవగానే దానంతట అదే గుర్తొస్తుంది. భర్త శశిధర్ పశువుల డాక్టరు. నలుగురిలో ఉంటే అతన్ని 'మీరు' అంటుంది, స్కూటర్ ఎక్కి కాస్త దూరం వెళ్లాక 'నువ్వు' అంటుంది. ఏ సందు మలుపులో 'మీరు' పోయి 'నువ్వు' వస్తుందా అని అతను రోజూ ఎదురుచూస్తుంటాడు. ఇలాంటి వాటితో వాళ్లకు రోజులు చకచకా గడిచిపోతున్నాయి.

ఆ సోమవారం ఆమె చేతిలో సెలవు దరఖాస్తు ఉంది. ఐదు రోజులు. వచ్చే నెల ఇరవై రెండున పాపికొండలకు లాంచీలో వెళ్లాలని టిక్కెట్లు తీసుకున్నారు. పెళ్లికి ఆమెకు దొరికింది ఆరు రోజుల సెలవే. అందులో ఒకటి సత్యనారాయణ వ్రతానికీ, రెండు చుట్టాలను రైళ్లెక్కించడానికీ పోయాయి. అందుకే ఇద్దరూ ఈ ఐదు రోజుల మీద ప్రాణాలు పెట్టుకుని ఉన్నారు. సంతకం పెట్టాల్సింది కమిషనర్ గరుడాద్రిగారు. ఆయన సమావేశంలో ఉన్నారు. అర నిమిషం పనే కదా అని మృణాళిని తలుపు తోసింది.

గరుడాద్రిగారు పది రోజుల విదేశీ శిక్షణ ముగించుకుని అంతకు ముందు రోజే దిగారు. ఆ శిక్షణ ఇంకా ఆయన కళ్లలో మెరుస్తోంది.

"మనకు కావలసింది లెక్కలు కాదు, నాడి!" అంటున్నారాయన, బల్ల మీద తన నాడి తానే పట్టుకుని. "ఆర్థిక వ్యవస్థ నాడి! ఈ రోజు పట్టుకుంటే ఈ రోజే తెలియాలి. ఏ దేశమూ ఇంతవరకు పట్టుకోనిదై ఉండాలి. చెప్పండి!"

ఒకాయన సిమెంటు బస్తాలన్నాడు. ఇంకొకాయన సినిమా టిక్కెట్లన్నాడు. "పట్టేశారు, పట్టేశారు," అని గరుడాద్రిగారు రెంటినీ కొట్టిపారేశారు. అప్పుడు గుమ్మంలో కాగితం పట్టుకుని నిలబడ్డ మృణాళిని కనిపించింది.

"ఆఁ! రండి. చెప్పండి. రాష్ట్రం బాగుందా లేదా నిన్న సాయంత్రం మీకెలా తెలిసింది?"

మృణాళినికి నిన్న సాయంత్రం అనగానే గుర్తొచ్చింది ఒక్కటే. రైతుబజారు. అరకిలో వంకాయలు తూచిన పైడమ్మ, తూకం అయ్యాక తలెత్తి ఆమె మొహం చూసి, గోనె కింద నుంచి ఇంత గుప్పెడు కరివేపాకు తీసి సంచిలో వేసింది. "కొసరమ్మీ," అని రెండు పచ్చిమిరపకాయలు కూడా పడేసింది. శశిధర్ అయితే నోరు తెరిచాడు. "రెండేళ్ల నుంచి ఇక్కడే కొంటున్నాను. ఒక్క రెబ్బ అడిగితే 'పక్కబండి కాడ సూడు బాబూ' అనేది!" అన్నాడు. ఇంటికొచ్చి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆ కరివేపాకు ఒలిచారు. అది ఐదు నిమిషాల పని. గంట పట్టింది.

"కొసరు, సార్," అనేసింది మృణాళిని.

"ఏమిటి?"

"కూరగాయలు కొన్నాక ఊరికే వేస్తారు కదండీ, కరివేపాకు, కొత్తిమీర... బజారు బాగుంటే చేతికొచ్చినంత వేస్తారు. బాగా లేకపోతే అడిగినా విసుక్కుంటారు."

గరుడాద్రిగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"నిన్న ఎన్ని రెబ్బలు వేసింది?"

"పధ్నాలుగు, సార్. ఒలిచేటప్పుడు లెక్కపె..." అని ఆమె సిగ్గుపడి ఆగిపోయింది.

"పధ్నాలుగు!" అని ఆయన లేచి నిలబడ్డారు. "ఎవరి దగ్గరైనా కాగితం ఉందా?"

అందరికంటే దగ్గరగా ఉన్న కాగితం మృణాళిని చేతిలోది. ఆయన దాన్ని లాక్కుని, తిరగేసి, వెనకవైపు పెద్ద అక్షరాలతో రాశారు: 'కొసరు సూచీ. పధ్నాలుగు రెబ్బలు = 100.' కింద తేదీ, సమయం వేశారు. చప్పట్లు మోగాయి. కాగితం ఫైలులోకి వెళ్లింది.

"సార్, దానికి ముందువైపు..." అంది మృణాళిని.

"ముందుకే!" అన్నారు గరుడాద్రిగారు. "మనమంతా ముందుకే!"

*

ఆమె మర్నాడు పొద్దున్నే సూపరింటెండెంట్ మాణిక్యాంబగారి బల్ల దగ్గరికి పరిగెత్తింది. మాణిక్యాంబగారికి సెలవు నిబంధనలన్నీ కంఠతా వచ్చు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆవిడ సెలవు పెట్టలేదు, పెట్టినవాళ్లను సుఖపడనివ్వలేదు.

"నీ దరఖాస్తు ఇప్పుడు దరఖాస్తు కాదమ్మా, మూలపత్రం," అందావిడ. "దాని మీద సంతకం పెడితే ముందువైపుకి పెట్టినట్టా, వెనకవైపుకి పెట్టినట్టా?"

"పోనీ కొత్తది రాసిస్తానండీ."

"పాతది పెండింగులో ఉండగా కొత్తది తీసుకోకూడదు."

"పాతది వెనక్కి తీసుకుంటాను."

"మూలపత్రం వెనక్కి తీసుకుంటే సూచీ రద్దవుతుంది." మాణిక్యాంబగారు కళ్లజోడు మీద నుంచి చూసింది. "పాపికొండల కోసం రాష్ట్రాన్ని రద్దు చేస్తావా తల్లీ?"

మృణాళినికి రాష్ట్రాన్ని రద్దు చేయడం ఇష్టం లేదు. కానీ ఇరవై రెండో తారీఖు కూడా రద్దు చేయడం ఇష్టం లేదు. కుర్చీలోకి వచ్చి కూర్చుని క్యాలెండరు చూసుకుంది. ఇంకా ఐదు వారాలుంది.

ఆ వారమంతా నిర్వచన సంఘం కూర్చుంది. మొదటి రోజు కొసరును నిర్వచించింది: 'కొనుగోలుదారు కోరకుండానో, కోరినా గట్టిగా కోరకుండానో, తూకం సంపూర్ణమైన పిదప విక్రేత స్వచ్ఛందంగా సంచియందు వేయు వస్తువు.' రెండో రోజు రెబ్బను నిర్వచించింది: పదమూడు ఆకులు, రెండు అటూ ఇటూ. మూడో రోజు గొడవైంది. రెండుసార్లు అడిగితే వేసింది కొసరవుతుందా? సీనియర్ సభ్యుడొకాయన కాదన్నాడు. "మా ఇంట్లో అయిదుసార్లు అడుగుతారండీ, అయినా దాన్ని కొసరనే అంటారు," అన్నాడు ఇంకొకాయన. చివరికి 'బతిమాలిన కొసరు'కు వేరే గడి కేటాయించి మధ్యాహ్న భోజనానికి లేచారు.

పైడమ్మ బండిని 'ప్రామాణిక బండి'గా ప్రకటిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆ సంగతి పైడమ్మకు చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

*

మరుసటి సోమవారం సాయంత్రం నలభై మంది గణకులు రైతుబజారులో దిగారు. మెడలో బ్యాడ్జీ, చేతిలో ట్యాబ్, నెత్తిన విభాగం పేరున్న టోపీ. ఒక్కొక్క బండికి ఇద్దరు. ఒకరు రెబ్బలు లెక్కపెట్టడానికి, ఒకరు అవి స్వచ్ఛందంగా పడ్డాయా లేదా అని మొహాలు చూడటానికి.

మృణాళిని, శశిధర్ వెళ్లేసరికి బజారంతా బిక్కచచ్చిపోయి ఉంది. పైడమ్మ బెండకాయలు తూచి, సంచిలో పోసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మృణాళిని సంచి అలాగే తెరిచి పట్టుకుంది. పైడమ్మ ఆ సంచి వంక చూసింది, టోపీల వంక చూసింది, ఆకాశం వంక చూసింది.

"ఏటమ్మీ, ఎవులు ఈలంతా?" అంది గొంతు తగ్గించి. "కరేపాకు మీద కూడా టాక్సేత్తారేటి?"

"అబ్బే, ఊరికే లెక్కపెడతారు పైడమ్మా."

"ఊరికే లెక్కెట్టీవోలు నాను పుట్టి బుద్దెరిగినకాడ్నుంచి ఎక్కడా లేరు. ఎల్లమ్మా, ఎల్లు. కరేపాకు అయిపోనాది."

గోనె కింద నుంచి కరివేపాకు తొంగి చూస్తూనే ఉంది. గణకుడు ట్యాబ్‌లో సున్నా నొక్కాడు. తిరిగి వస్తుంటే సందు మలుపు వచ్చింది, 'నువ్వు' రాలేదు. శశిధర్‌కు కంగారు పుట్టింది.

"చూడు మిన్నూ," అన్నాడు స్కూటర్ నెమ్మది చేసి. "గేదెకి జ్వరం చూడాలంటే ముందు ఇంత గడ్డి పెట్టాలి, గంగడోలు నిమరాలి, మనం వచ్చింది దేనికో దానికి తెలియనివ్వకూడదు. మీవాళ్లు నలభై మంది థర్మామీటర్లు పట్టుకుని గేదె చుట్టూ నిలబడ్డారు."

"నన్ను చూసి కూడా వెయ్యలేదు, శశీ," అంది ఆమె. కరివేపాకు లేని బెండకాయ వేపుడు ఆ రాత్రి ఇద్దరికీ గొంతు దిగలేదు.

*

వారం పాటు అన్ని బజార్లలోనూ సూచీ సున్నా దగ్గరే ఉంది. చరిత్రలో ఏ ఆర్థిక వ్యవస్థా ఒక్క సాయంత్రంలో వంద నుంచి సున్నాకు పడిపోలేదని గరుడాద్రిగారు ఆందోళనతో, కొంచెం గర్వంతో మంత్రిగారికి నివేదించారు. యుద్ధప్రాతిపదికన చర్యలు మొదలయ్యాయి. మొదట సమావేశాల్లో బిస్కెట్లు ఆపేశారు. తర్వాత విభాగంలో సెలవులన్నీ ఆపేశారు.

"రాష్ట్రం మంచం పట్టి ఉంటే లాంచీలేంటమ్మా?" అంది మాణిక్యాంబగారు.

ఆ తర్వాత అసలు చర్య వచ్చింది. దాని పేరు 'కరివేపాకు ఉద్దీపన పథకం.' సూచీ పడిపోవడానికి కారణం విక్రేతల వద్ద వేయడానికి తగినంత కొసరు లేకపోవడమేనని నిపుణులు తేల్చారు. మర్నాడు తెల్లవారకముందే లారీలు బయల్దేరాయి. ప్రతి బండి దగ్గరా నిలువెత్తున కరివేపాకు కుప్ప పోసి, 'ఉచితం, స్వచ్ఛందంగా పంచవలెను' అని చీటీ గుచ్చి వెళ్లిపోయాయి.

పైడమ్మ వచ్చేసరికి బండి కనపడలేదు. కుప్ప తొలుచుకుంటూ వెళ్తే టమాటాల దగ్గర తేలింది. ఆ కుప్ప వదిలించుకోవడానికి ఆవిడ పావుకిలో దొండకాయలకు గోనెడు కరివేపాకు వేయడం మొదలుపెట్టింది. అన్ని బండ్ల వాళ్లూ అదే పని. వద్దంటున్నవాళ్ల సంచుల్లో కూరారు. స్కూటర్ల డిక్కీల్లో కూరారు. బజారుకు రాకుండా పక్క రోడ్డు మీద పోతున్నవాళ్లను వెంటబడి మరీ ఇచ్చారు. గణకులకు వేళ్లు నొప్పులు పుట్టాయి. సాయంత్రానికి సూచీ పదకొండు వేల నాలుగు వందలు.

"పదకొండు వేల నాలుగు వందలు!" అన్నారు గరుడాద్రిగారు. "ఇలాంటి వృద్ధి ప్రపంచంలో ఎక్కడా లేదు!"

నిజంగానే ఎక్కడా లేదు. ఇళ్లలో కరివేపాకు పొడి, కరివేపాకు పచ్చడి, కరివేపాకు చారు, కరివేపాకు అన్నం అయ్యాక జనం మిగిలింది గేదెలకు వేయడం మొదలుపెట్టారు. శశిధర్‌కు వరసగా ఫోన్లు. అతను వెళ్లి గేదెలన్నిటినీ పరీక్షించి, వాటికేమీ జబ్బు లేదనీ, కాకపోతే పాలు మాత్రం తాలింపు వాసన వస్తున్నాయనీ తేల్చాడు. ఆ పాలే విభాగం క్యాంటీన్‌కు వచ్చాయి. మర్నాటి సమావేశంలో గరుడాద్రిగారు టీ ఒక గుక్క తాగి, కప్పులోకి చూసి, "ఇందులో అన్నం కలుపుకోవాలా?" అని అడిగారు.

రాష్ట్రం ఇంత బాగున్నప్పుడైనా సెలవు దొరుకుతుందేమోనని మృణాళిని మళ్లీ వెళ్లింది.

"ఆర్థిక వ్యవస్థ ఇంతలా వేడెక్కి ఉంటే సెలవా?" అంది మాణిక్యాంబగారు. "చల్లార్చొద్దూ?"

చల్లార్చారు. రెండు రెబ్బలకు మించి కొసరు వేయరాదని, రెండుకు తగ్గరాదని, స్వచ్ఛందత చెడరాదని కొత్త ఉత్తర్వు. ఎక్కువైన కరివేపాకును లారీలు వచ్చి మోసుకుపోయాయి. పోసినప్పటి కంటే తీసుకుపోయేటప్పుడు ఎక్కువ రోజులు పట్టింది, ఎందుకంటే ప్రతి కుప్పకూ రసీదు కావాల్సి వచ్చింది. సూచీ ఏ బజారులో చూసినా సరిగ్గా పద్నాలుగు పాయింట్ రెండు తొమ్మిది దగ్గర నిలబడింది. అన్ని బండ్లలోనూ, అన్ని రోజుల్లోనూ, ఒక్క ఆకు తేడా లేకుండా. దీన్ని 'అపూర్వ స్థిరత్వం' అన్నారు. దాన్ని కళ్లారా చూడటానికి ఢిల్లీ నుంచి ఐదుగురు నిపుణుల బృందం వస్తున్నట్టు కబురొచ్చింది.

వచ్చేది ఇరవయ్యో తారీఖు. లాంచీ ఇరవై రెండున. మృణాళిని పెట్టె సర్దలేదు. శశిధర్ మాత్రం తన పెట్టె సర్దేసి, అందులో రెండు జతల బట్టలు పెట్టి, మిగతా సగం ఆమె చీరల కోసం ఖాళీగా వదిలి, మూత తెరిచే ఉంచాడు. అటుగా వెళ్లినప్పుడల్లా ఆ ఖాళీ సగం చూస్తే ఆమెకు ఏడుపొచ్చేది.

*

ఇరవయ్యో తారీఖు సాయంత్రం ప్రామాణిక బండికి సున్నం వేసి, బంతిపూల దండలు కట్టారు. పైడమ్మకు కొత్త చీర కట్టించి, బండి వెనక కూర్చోబెట్టి, 'మీరు స్వచ్ఛందంగా వేయవలసిన రెబ్బలు: రెండు' అని ఎదురుగా అట్ట పెట్టారు. ఆవిడకు చదవడం రాదని కొంతసేపటికి తెలిసి, పక్కన ఒక అధికారిని నిలబెట్టి గట్టిగా చదివించారు.

బృందం నాయకుడు పొడవాటి పెద్దమనిషి. తెలుగు రాదు. పక్కన దుబాసీగా గరుడాద్రిగారు. నాయకుడు కిలో చిక్కుడుకాయలు కొని, సంచి తెరిచి పట్టుకుని, కొసరు కోసం నిలబడ్డాడు. నలభై ట్యాబ్‌లు పైకి లేచాయి.

పైడమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"వెయ్యమ్మా," అన్నారు గరుడాద్రిగారు పళ్ల బిగువున.

"ఎయ్యను బాబూ."

"ఏమంటోంది?" అన్నాడు నాయకుడు.

"సరఫరా వైపు స్వల్ప సందిగ్ధత ఉందంటోంది సార్," అని గరుడాద్రిగారు వంగి, "రెండంటే రెండు రెబ్బలే కదమ్మా! ఉత్తర్వు ఉంది!" అన్నారు.

"ఉత్తరువుంటే అమ్ముతాను. ఏటి కావాలో తూసి ఇత్తాను," అంది పైడమ్మ. "ఇయ్యమని సెప్పి ఇప్పించుకునీది కొసరెలగవుద్ది బాబూ? అది జరిమానా అవుద్ది."

"ఏమంటోంది?"

"వ్యవస్థాగత సంస్కరణలు సూచిస్తోంది సార్."

అప్పుడు గుంపు వెనక నుంచి మృణాళిని కనిపించింది. ఆమె డ్యూటీ మీదే వచ్చింది. శశిధర్ ఆమెను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చి పక్కన నిలబడ్డాడు. పైడమ్మ వాళ్లను చూసింది.

"ఓలమ్మీ, అలగున్నావేటి? మొకం సిన్నబోనాది," అంది, చుట్టూ నలభై మంది లేనట్టే. "బాబుగారు ఏటైనా అన్నారేటి?"

"నేనేమీ అనలేదు!" అన్నాడు శశిధర్ కంగారుగా.

"ఏం లేదు పైడమ్మా. సెలవు దొరకలేదు. ఊరెళ్లాలనుకున్నాం," అంది మృణాళిని. పైడమ్మ ఆప్యాయంగా అడగడంతో, అంత మందిలోనూ ఆమె మొహం ఒక్క క్షణం విప్పారింది. ఏడుపు రాబోయి నవ్వు వచ్చింది.

"అదీ!" అంటూ పైడమ్మ గోనె కింద చెయ్యి పెట్టి, చేతికి ఎంతొస్తే అంత కరివేపాకు తీసి ఆమె సంచిలో వేసింది. పైన రెండు పచ్చిమిరపకాయలు పడేసింది.

గణకులు ఎగబడ్డారు. పధ్నాలుగు! మళ్లీ పధ్నాలుగు!

"ఇది ఎలా సాధ్యం?" అన్నారు గరుడాద్రిగారు అదిరిపోయి. "ధరలు పెరిగాయి. వర్షాలు పడలేదు. ఈ కొసరు దేన్నిబట్టి వేశావమ్మా? సరిగ్గా చెప్పు!"

"ఈ అమ్మి నవ్వితే ఏత్తాను," అంది పైడమ్మ. "మొదట్రోజు కూడా అంతే. ఆ రోజు నాకు బోణీ కూడా సరిగ్గా అవ్వనేదు బాబూ. వంకాయలన్నీ పుచ్చులే. ఇసుగ్గా కూకున్నాను. ఈ పిల్లేమో మొగుడి సెయ్యట్టుకుని, వంకాయల్ని సూసి కూడా నవ్వుతాది. కొత్త పెళ్లికూతురు కదా. ముచ్చటేసి గుప్పెడేసినాను. బజారు బాగుండి ఏసినది కాదు, ఏటీ కాదు."

ఐదు వారాల సూచీ, నలభై టోపీలు, రెండు వందల లారీలు, తాలింపు పాలు, అన్నీ మృణాళిని నవ్వు మీద నిలబడ్డాయన్నమాట. ఇక సెలవు సంగతి దేవుడెరుగు, ఉద్యోగం ఉంటే చాలు.

"ఏమంటోంది?" అన్నాడు నాయకుడు మూడోసారి.

గరుడాద్రిగారు కళ్లజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. ఆ కళ్లలో మళ్లీ విదేశీ శిక్షణ మెరిసింది.

"కొసరు కాదు," అన్నారు మెల్లగా. "కొసరు కేవలం లక్షణం. మూలం నవ్వు! మనం ఇన్నాళ్లూ నాడి అనుకుని గాజులు పట్టుకున్నాం! మూలపత్రం తీసుకురండి!"

మాణిక్యాంబగారు ఫైలు ఎప్పుడూ చంకలోనే పెట్టుకుని తిరుగుతుంది. గరుడాద్రిగారు కాగితం అందుకుని, 'కొసరు సూచీ' అన్న మాట కొట్టేసి పైన 'నవ్వు సూచీ' అని రాశారు. ఇంకా రాయడానికి చోటు చాలక కాగితం తిరగేశారు. అక్కడ ఆయనకు మొట్టమొదటిసారిగా ముందువైపు కనిపించింది.

"ఇదేమిటి? సెలవు దరఖాస్తా? ఎవరిది?"

"నాదే సార్," అంది మృణాళిని నీరసంగా.

"అంటే..." ఆయన గొంతు తగ్గింది. "ప్రామాణిక పెళ్లికూతురు ఐదు వారాలుగా సెలవు దొరక్క దిగులుగా ఉందా? మన మూల విలువే దిగులుగా ఉందా?" ఆయన గిర్రున తిరిగారు. "మాణిక్యాంబగారూ! మూల విలువ పడిపోతుంటే ఏం చేస్తున్నారు?"

ముప్పై ఏళ్లలో మొదటిసారి మాణిక్యాంబగారికి ఏ నిబంధనా గుర్తు రాలేదు.

గరుడాద్రిగారు బంతిపూల దండ పక్కకు జరిపి, పైడమ్మ త్రాసు మీద కాగితం పెట్టి రాశారు: 'రాష్ట్ర ఆర్థిక స్థిరత్వం దృష్ట్యా, మూల విలువ పరిరక్షణ నిమిత్తం, ఐదు రోజుల సెలవు తక్షణమే మంజూరు చేయడమైనది.' సంతకం పెట్టారు. విభాగం పుట్టిన తర్వాత అందులో తక్షణం జరిగిన మొదటి పని అదే.

"ఇంకో రెండ్రోజులు ఏయండి బాబూ," అంది పైడమ్మ. "కొసరు."

గరుడాద్రిగారు ఆవిడ వంక చూశారు. తర్వాత ఎందుకో తనకే తెలియకుండా, ఎవరూ ఆదేశించకుండా, ఐదును కొట్టేసి ఏడు చేశారు.

*

ఇరవై రెండున గోదావరి మీద పొద్దు పొడుస్తుంటే లాంచీ కదిలింది. రెండు వైపులా కొండలు మంచులో మునిగి ఉన్నాయి. లాంచీవాడు ఆకు దొన్నెల్లో వేడి ఉప్మా పెట్టాడు. అందులో కరివేపాకు వచ్చింది. మృణాళిని ఆ రెబ్బను వేళ్లతో పట్టుకుని శశిధర్‌కు చూపించి, పకపకా నవ్వింది.

"ఒకటి," అన్నారెవరో.

ఇద్దరూ వెనక్కి తిరిగారు. చివరి బెంచీ మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. మెడలో బ్యాడ్జీలు, నెత్తిన టోపీలు, ఒళ్లో ట్యాబ్‌లు. ఒకతను వినయంగా లేచి నిలబడ్డాడు.

"మమ్మల్ని పట్టించుకోకండి మేడమ్. మీరు స్వేచ్ఛగా నవ్వండి. రోజుకి అరవై దాటితే కొత్త రోడ్లకి అనుమతులిస్తారట."

"అరవై దాటకపోతే?" అన్నాడు శశిధర్.

"మళ్లీ బిస్కెట్లు ఆపేస్తారండీ," అన్నాడు రెండో అతను దిగులుగా.

మృణాళిని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నవ్వకూడదనుకున్న కొద్దీ భుజాలు ఊగిపోతున్నాయి. వెనక బెంచీలో వాళ్లిద్దరికీ వాదన మొదలైంది, భుజాలు మాత్రమే కదిలితే దాన్ని నవ్వుగా నమోదు చేయవచ్చా, దానికి వేరే గడి ఉందా అని.

శశిధర్ సంచిలోంచి పెద్ద నల్ల గొడుగు తీశాడు. ఎండా లేదు, వానా లేదు. దాన్ని టప్పున విప్పి, వెనక బెంచీకీ తమకూ మధ్యన అడ్డంగా నిలబెట్టాడు.

"ఏయ్, ఏం చేస్తున్నావు నువ్వు?" అంది మృణాళిని.

సందు మలుపు లేకుండానే వచ్చేసింది 'నువ్వు.'

తర్వాత గొడుగు వెనక ఏం జరిగిందో లెక్కలకు ఎక్కలేదు. కొండలు దగ్గరికొచ్చి గోదావరి సన్నబడింది. లాంచీ నెమ్మదిగా ఆ మలుపు తిరిగింది. ఆ పూట రాష్ట్ర ఆర్థిక పరిస్థితి ఎలా ఉందన్నది ప్రభుత్వానికి ఈనాటికీ తెలియదు.

చాలా బాగుంది.